జాన్ విల్స్: ఫుట్‌బాల్ కోచ్, వైద్యుడు

జాన్ వుడ్‌వర్త్ విల్స్ (1888–1963) అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్, వైద్యుడు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ జట్టుకు 1913 నుంచి 1928 దాకా వరసగా 16 సీజన్లు శిక్షణ ఇచ్చారు. ఆయన బాధ్యత తీసుకున్నప్పుడు అది ఎక్కువగా సొంత రాష్ట్రంలోని కళాశాలలతోనే తలపడే జట్టు. ఆయన వదిలిపెట్టేనాటికి దేశంలోని పెద్ద జట్లలో ఒకటిగా నిలిచింది. జట్టును నడుపుతూనే వైద్యం చదివి 1919లో ఎం.డి. పట్టా అందుకున్నారు. అమెరికాలో ఎం.డి. అంటే భారతదేశంలోలా ఎం.బి.బి.ఎస్. తర్వాత చేసే పై చదువు కాదు; అక్కడ డాక్టరు కావడానికి చదివే తొలి వైద్యపట్టా అదే. ఇంకా ఎన్నో ఏళ్లు కోచ్‌గా కొనసాగగల వయసులో, నలభై ఏళ్లకే, ఆయన ఆటను వదిలి పూర్తిగా వైద్యవృత్తిలోకి వెళ్లారు. 1934 నుంచి 1958 దాకా అదే విశ్వవిద్యాలయంలో విద్యార్థి ఆరోగ్య విభాగానికి డైరెక్టరుగా పనిచేశారు.

ఆయన జీవితాన్ని ముందు సగం ఆట, తర్వాతి సగం వైద్యం అని విడదీసి చెప్పడం వాడుక. నిజానికి ఆ రెండూ చాలా ఏళ్లు ఒకే మనిషిలో పక్కపక్కనే నడిచాయి. కోచ్‌గా ఆయన చూసుకున్నదీ, డాక్టరుగా చూసుకున్నదీ ఒకే విశ్వవిద్యాలయపు విద్యార్థులనే.

ఆట, ఆనాటి పరిస్థితులు

అమెరికన్ ఫుట్‌బాల్ పేరుకు ఫుట్‌బాల్ అయినా, భారతదేశంలో ఆ పేరుతో ఆడే ఆటకూ దానికీ పోలిక తక్కువ. అది రగ్బీ నుంచి పుట్టింది. రెండు వైపులా పదకొండేసి మంది ఉంటారు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తి గానీ, విసిరి గానీ ఎదుటి జట్టు గీత దాటించాలి. దాటిస్తే దాన్ని టచ్‌డౌన్ అంటారు. బంతి పట్టినవాణ్ని ఎదుటివాళ్లు మీదపడి కింద పడేసి ఆపుతారు. 19వ శతాబ్దం చివర్లో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వంటి తూర్పు ప్రాంతపు విద్యాసంస్థల్లో ఈ ఆట రూపుదిద్దుకుని, అక్కడి నుంచి దేశమంతా పాకింది.

ఆ తొలినాళ్ల ఆట చాలా మొరటుగా ఉండేది. తలకూ ఒంటికీ సరైన రక్షణ ఉండేది కాదు. ఆటగాళ్లు ఒకరినొకరు పట్టుకుని గుంపుగా ఎదుటి వరస మీదికి దూసుకుపోయేవారు. చేతులు, కాళ్లు విరగడం మామూలే, ప్రాణాలూ పోయేవి. 1905 సీజన్ ఒక్కదాంట్లోనే 18 మంది చనిపోయారని అప్పటి పత్రికలు లెక్క రాశాయి. ఆ ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించి ఆటను బాగుచేసుకొమ్మన్నారు. కొన్ని విశ్వవిద్యాలయాలు ఆటనే మానేశాయి. 1906లో నియమాలు మారాయి. బంతిని ముందుకు విసిరే ‘ఫార్వర్డ్ పాస్’కు తొలిసారి అనుమతి వచ్చింది. దాంతో ఆటగాళ్లంతా ఒకే చోట కుప్పగా కలబడే అవసరం కొంత తగ్గింది. అయినా 1909లో మళ్లీ మరణాలు సంభవించాయి. 1910లో, బంతి పట్టినవాణ్ని వెనక నుంచి తోయడం, ముందు నుంచి లాగడం నిషేధించారు. 1912లో టచ్‌డౌన్‌కు ఆరు పాయింట్లు, పది గజాలు ముందుకు సాగడానికి నాలుగు ప్రయత్నాలు అన్న నియమాలు వచ్చాయి. ఈనాటి ఆట దాదాపు ఆ రూపంలోనే ఉంది.

విల్స్ ఆటగాడిగా మైదానంలో ఉన్నది సరిగ్గా ఈ సంస్కరణల నడుమనే. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే ఆయన తర్వాతి జీవితం చాలావరకు అర్థమవుతుంది. ఆట వల్ల శరీరానికి ఏమవుతుందన్న ప్రశ్న ఆయన తరానికి పుస్తకాల్లో చదువుకున్నది కాదు, పక్కన ఆడేవాడి ఒంటి మీద చూసినది.

వైద్యులైన కోచ్‌లు

ఆ రోజుల్లో కోచ్ పని ఏడాది పొడవునా చేసే ఉద్యోగం కాదు. సీజన్ సెప్టెంబరులో మొదలై నవంబరుతో ముగిసేది. చాలా చోట్ల పూర్వ విద్యార్థి ఎవరో వచ్చి ఆ మూడు నెలలు జట్టును తీర్చిదిద్ది, తిరిగి సొంత వృత్తికి వెళ్లిపోయేవారు. వారిలో న్యాయవాదులు, ఉపాధ్యాయులు, వ్యాపారులు ఉండేవారు. వైద్యులూ తక్కువేమీ కాదు. డిగ్రీ ముగించి వైద్య కళాశాలలో చేరినవారు అక్కడా ఆట కొనసాగించేవారు. కోచ్‌గా వచ్చే జీతం వైద్యవిద్య ఖర్చుకు అక్కరకొచ్చేది. శరీర నిర్మాణం తెలిసినవాడు జట్టు వెంట ఉండటం కళాశాలలకూ మంచిదే.

వీరిలో అందరికన్నా పెద్ద పేరు హెన్రీ విలియమ్స్‌ది. యేల్‌లో ఆడి, 1895లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి వైద్యపట్టా పొందిన ఆయన 1900 నుంచి 1921 దాకా మినెసొటా జట్టుకు కోచ్‌గా ఉన్నారు. ఒకవైపు మినియాపొలిస్‌లో ప్రాక్టీసు చేస్తూనే, బంతి కదిలే ముందు ఆటగాళ్లు ఒక్కసారిగా స్థానాలు మార్చుకునే ‘మినెసొటా షిఫ్ట్’ అనే ఎత్తుగడకు ప్రాచుర్యం తెచ్చారు. మరో పేరున్న కోచ్ ఆమోస్ అలోంజో స్టాగ్‌తో కలిసి ఈ ఆటపై 1893లోనే ఒక పుస్తకం రాశారు. మరొకరు జాన్ అవుట్‌ల్యాండ్. పెన్సిల్వేనియాలో వైద్యం చదివి, కాన్సస్ విశ్వవిద్యాలయ జట్టుకు కొంతకాలం శిక్షణ ఇచ్చి, శస్త్రచికిత్స వృత్తిలో స్థిరపడ్డారు. ముందు వరసలో ఆడే ఉత్తమ ఆటగాడికి 1946 నుంచి ఇస్తున్న అవుట్‌ల్యాండ్ ట్రోఫీ ఆయన పేరు మీదిదే.

విల్స్ దారి వీరికి భిన్నం. వారు ముందు డాక్టర్లు, ఆ తర్వాత పేరున్న కోచ్‌లు. విల్స్ ముందు కోచ్‌గా పేరు తెచ్చుకుని, ఆ పేరు వెలుగుతుండగానే చదువుకుని, ఒకనాడు ఆ పేరును వదిలేసుకున్నారు.

బాల్యం, విద్య

విల్స్ 1888 మే 12న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో పుట్టారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడ 1907 నుంచి 1909 దాకా ఫుల్‌బ్యాక్‌గా ఆడి, చివరి ఏడాది జట్టుకు కెప్టెన్ అయ్యారు. పడవ పందేల జట్టులోనూ ఉన్నారు. చదువు అయ్యాక కొంతకాలం హైస్కూలు స్థాయిలో శిక్షణ ఇచ్చి, తిరిగి విస్కాన్సిన్‌కు వచ్చి సహాయ కోచ్‌గా పనిచేశారు. 1913లో ఒహాయో స్టేట్ ఆయన్ను పిలిచేనాటికి వయసు 25 ఏళ్లు. ఆయన శిక్షణలో ఆడబోయే కుర్రాళ్ల కన్నా మహా అయితే నాలుగైదేళ్లు పెద్ద.

ఒహాయో స్టేట్‌లో

ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్‌లో ఉన్న ఈ విశ్వవిద్యాలయం 1912లో వెస్టర్న్ కాన్ఫరెన్స్‌లో సభ్యత్వం పొందింది. మధ్యపశ్చిమ ప్రాంతపు పెద్ద విశ్వవిద్యాలయాల కూటమి అది. ఇప్పుడు బిగ్ టెన్ అంటున్నది దాన్నే. అంతవరకు ఓబర్లిన్, కేస్, ఒహాయో వెస్లియన్ వంటి సొంత రాష్ట్రపు కళాశాలలే ఒహాయో స్టేట్‌కు ప్రధాన ప్రత్యర్థులు. ఇక మీదట ఇల్లినాయ్, విస్కాన్సిన్, షికాగోలతో తలపడాలి. అందుకు తగిన జట్టును తయారుచేయడం విల్స్‌కు అప్పగించిన పని. క్రీడల డైరెక్టరు లిన్ సెయింట్ జాన్ ఆయనకు అండగా నిలిచారు. మొదటి సీజన్‌లో నాలుగు గెలుపులు, రెండు ఓటములు, ఒక సమం. తర్వాతి రెండేళ్లూ మెరుగే.

1916లో కొలంబస్ ఈస్ట్ హైస్కూలు నుంచి వచ్చిన చిక్ హార్లీ అనే కుర్రాడు జట్టులోకి అడుగుపెట్టాడు. ఎత్తు తక్కువ, బరువూ అంతంతే. పరుగు, విసురు, తన్ను మూడింట్లోనూ అతనికి సాటి వచ్చేవాళ్లు అరుదు. ఆ ఏడాది ఓబర్లిన్‌పై 128–0తో గెలిచిన ఆట ఇప్పటికీ ఒహాయో స్టేట్ చరిత్రలో అతిపెద్ద తేడా. అంతకన్నా విలువైన గెలుపు ఇల్లినాయ్‌పై వచ్చింది. ఆట చివరి నిమిషాల్లో హార్లీ టచ్‌డౌన్ చేసి, ఆ వెంటనే అదనపు పాయింటు కూడా తానే కొట్టి జట్టును 7–6తో గెలిపించాడు. విస్కాన్సిన్‌పై 14–13, నార్త్‌వెస్టర్న్‌పై 23–3. ఏడు ఆటలకు ఏడూ గెలిచి ఒహాయో స్టేట్ తొలిసారి కాన్ఫరెన్స్ విజేత అయింది. సభ్యత్వం వచ్చి నాలుగేళ్లే అయిన జట్టుకు ఇది మామూలు విషయం కాదు. 1917లో తొమ్మిది ఆటల్లో ఎనిమిది గెలుపులు, ఆబర్న్‌తో ఒక సమం. ఒహాయో స్టేట్ చేసినవి 292 పాయింట్లు, ప్రత్యర్థులన్నీ కలిసి చేసినవి ఆరే.

1918లో మొదటి ప్రపంచ యుద్ధం, ఇన్‌ఫ్లుయెంజా రెండూ కలిసి వచ్చిపడ్డాయి. హార్లీతో సహా చాలామంది సైన్యంలోకి వెళ్లారు. దేశమంతటా ఆటలు రద్దయ్యాయి; ఒహాయో స్టేట్ ఆరు ఆటలే ఆడి మూడు ఓడింది. 1919లో హార్లీ తిరిగొచ్చాక జట్టు మళ్లీ లేచింది. మిషిగన్‌తో అంతకుముందు ఆడిన 15 ఆటల్లో ఒహాయో స్టేట్ ఒక్కటీ గెలవలేదు. పదమూడు ఓడి, రెండు సమం చేసుకుంది. ఆ ఏడాది ఆన్ ఆర్బర్‌లో 13–3తో గెలిచింది. 1920, 1921లలో కూడా మిషిగన్‌ను ఓడించింది. ఈ రెండు జట్ల మధ్య పోటీ ఇవాళ అమెరికా క్రీడల్లోనే పేరెన్నిక గన్నది. అది పోటీ అనిపించుకోవడం మొదలైంది ఈ మూడు గెలుపులతోనే. 1919 చివరి ఆటలో ఇల్లినాయ్ ఆఖరి క్షణాల్లో ఫీల్డ్ గోల్ కొట్టి 9–7తో గెలిచింది. మూడు సీజన్లలో హార్లీ చూసిన ఓటమి అదొక్కటే.

హార్లీ తర్వాతి కథ విషాదం. ఆట ముగిసిన కొద్ది ఏళ్లకే తీవ్రమైన మానసిక వ్యాధి బారిన పడి, 1974లో మరణించేదాకా జీవితంలో ఎక్కువ భాగం ఇల్లినాయ్ రాష్ట్రం డాన్‌విల్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో గడిపాడు.

1920లో హార్లీ లేకుండానే జట్టు మళ్లీ కాన్ఫరెన్స్ గెలిచింది. ఇల్లినాయ్‌పై ఆట చివరి క్షణం దాకా 0–0గా సాగింది. అప్పుడు హోజ్ వర్క్‌మన్ విసిరిన బంతిని సిరిల్ మయర్స్ అందుకుని టచ్‌డౌన్ చేయడంతో 7–0. ఫార్వర్డ్ పాస్‌ను విల్స్ తన జట్టుకు ఎంత బాగా నేర్పారో చెప్పడానికి ఆ ఒక్క ఆట చాలు. 1921 జనవరి 1న కాలిఫోర్నియాలోని పసడీనాలో, సీజన్ ముగిశాక జరిగే రోజ్ బౌల్ ఆటకు ఒహాయో స్టేట్ తొలిసారి వెళ్లింది. ఆండీ స్మిత్ శిక్షణలో దేశంలోకెల్లా బలమైన జట్టుగా పేరుపడిన కాలిఫోర్నియా 28–0తో చిత్తుగా ఓడించింది. ఆ తర్వాత కాన్ఫరెన్స్ తన జట్లను సీజన్ ముగిశాక ఆడనివ్వలేదు. ఆ నిషేధం పాతికేళ్లు నడిచింది.

మైదానంలో తిట్లు, బూతులు విల్స్ సహించేవారు కాదు. కోచ్ అంటే గొంతు చించుకుని అరవాలి అనుకునే కాలంలో ఆయనది అధ్యాపకుడి పద్ధతి. అమెరికా వాడుకలో స్థిరపడిపోయిన ‘ఇంటెస్టినల్ ఫార్టిట్యూడ్’ అన్న మాట, అంటే గుండెదిటవు, వైద్య విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఆయనే పుట్టించారని చెబుతారు. ఆటగాళ్లకు, ప్రేక్షకులకు ఇద్దరికీ ఉపయోగపడేలా 1923లో ఫుట్‌బాల్‌పై ఒక పుస్తకం కూడా వెలువరించారు.

కోచ్ చదివిన వైద్యం

1910లో వెలువడిన ఫ్లెక్స్‌నర్ నివేదిక అమెరికా వైద్యవిద్యను కుదిపేసింది. ప్రయోగశాలలు, ఆసుపత్రులు లేకుండా ఫీజుల కోసమే నడిచే వైద్య పాఠశాలలు చాలా మూతపడ్డాయి. మిగిలినవి విశ్వవిద్యాలయాల నీడకు చేరాయి. కొలంబస్‌లోని స్టార్లింగ్-ఒహాయో వైద్య కళాశాల 1914లో ఒహాయో స్టేట్‌లో కలిసింది. కోచ్‌గా పనిచేస్తున్న చోటే, అదే విశ్వవిద్యాలయంలో, విల్స్ వైద్యం చదవగలిగారంటే ఆ విలీనం వల్లనే. జట్టు రెండు కాన్ఫరెన్స్ విజయాలు సాధించిన ఏళ్లలోనే కోచ్ వైద్య తరగతుల్లోనూ కూర్చున్నారు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా కాలానికి ఆయన చదువు చివరి దశలో ఉంది. ఏ మందూ పనిచేయని ఆ జబ్బు దృఢంగా ఉన్న యువకులనే ఎక్కువగా బలితీసుకుంది. కళాశాల ప్రాంగణాలు, సైనిక శిబిరాలు దాని ధాటికి అల్లాడాయి. 1919లో పట్టా చేతికొచ్చింది. అయినా ఆయన మరో తొమ్మిదేళ్లు మైదానం వదల్లేదు.

పెద్ద స్టేడియం, పెద్ద ఆశలు

హార్లీ ఆట చూడటానికి వచ్చే జనానికి పాత ఒహాయో ఫీల్డ్ చాలలేదు. ఇంజినీరింగ్ డ్రాయింగ్ ఆచార్యుడు థామస్ ఫ్రెంచ్ ఎప్పటినుంచో కలగంటున్న పెద్ద స్టేడియానికి 1920లో చందాలు మొదలయ్యాయి. హోవార్డ్ డ్వైట్ స్మిత్ గుర్రపు నాడా ఆకారంలో కాంక్రీటు కట్టడాన్ని రూపొందించారు. సుమారు 13 లక్షల డాలర్ల ఖర్చుతో, 66 వేల మందికి పైగా కూర్చునేలా కట్టిన ఒహాయో స్టేడియం 1922 అక్టోబరులో తెరుచుకుంది. మొదటి ఆటలో ఒహాయో వెస్లియన్‌పై 5–0తో గెలిచారు. అక్టోబరు 21న జరిగిన ప్రారంభోత్సవపు ఆటలో మాత్రం మిషిగన్ 19–0తో ఓడించింది.

స్టేడియం వచ్చాక కోచ్ మీద బరువు పెరిగింది. అంత పెద్ద కట్టడం నిండాలంటే జట్టు గెలవాలి. 1922 నుంచి 1924 దాకా మూడు సీజన్లలో కలిపి ఎనిమిది గెలుపులు, పదకొండు ఓటములు, నాలుగు సమాలు. ప్రతిభ ఉన్న ఆటగాళ్లను వెతికి తెచ్చుకోవడంలో విశ్వవిద్యాలయాలు పోటీపడుతున్న రోజులవి. 1925 నవంబరులో ఇల్లినాయ్ తరఫున ప్రసిద్ధ ఆటగాడు రెడ్ గ్రేంజ్ తన చివరి కళాశాల ఆట కొలంబస్‌లోనే ఆడాడు. 80 వేలకు పైగా జనం వచ్చారు. ఇల్లినాయ్ 14–9తో గెలిచింది. ఆట ముగిసిన వెంటనే గ్రేంజ్ డబ్బు తీసుకుని ఆడే వృత్తి ఫుట్‌బాల్‌లోకి వెళ్తున్నట్లు ప్రకటించాడు. కళాశాల ఆట ఎటు పోతోందో అందరికీ తెలిసొచ్చిన రోజు అది.

1926లో విల్స్ జట్టు మళ్లీ ఎగసింది. ఎనిమిది ఆటల్లో ఏడు గెలిచింది. ఓడింది ఒక్క మిషిగన్ చేతిలోనే, 17–16తో, ఒకే ఒక్క పాయింటు తేడాతో. మరుసటి ఏడాది నాలుగు గెలుపులు, నాలుగు ఓటములు. 1928లో ఏడేళ్ల తర్వాత మిషిగన్‌ను 19–7తో ఓడించి, ఆ సీజన్ ముగిశాక విల్స్ తప్పుకున్నారు. ఆయన స్థానంలో శామ్ విల్లమన్ వచ్చారు. 16 సీజన్లలో విల్స్ లెక్క 78 గెలుపులు, 33 ఓటములు, 9 సమాలు. మూడు కాన్ఫరెన్స్ విజయాలు: 1916, 1917, 1920.

ఫలితాలు నచ్చక జనం చేసిన విమర్శ కూడా ఆయన నిర్ణయంలో పాలుపంచుకుని ఉండొచ్చు. కానీ దాన్ని ఓటమి అనలేం. మూడు నెలల వ్యాపకంగా మొదలైన పని పన్నెండు నెలల ఉద్యోగంగా మారిపోతున్నప్పుడు, చదివిన వైద్యానికీ ఆటకూ మధ్య ఏదో ఒకటి ఎంచుకోక తప్పని రోజు వచ్చింది. ఆయన వైద్యాన్ని ఎంచుకున్నారు.

విద్యార్థుల డాక్టరు

విల్స్ ప్రత్యేక శ్రద్ధ పెట్టిన రంగం గుండె వైద్యం. కఠినమైన ఆటలు గుండెను ఉబ్బిపోయేలా చేసి ఆయుష్షు తగ్గిస్తాయన్న భయం 19వ శతాబ్దం నుంచే ఉంది. దాన్ని ‘క్రీడాకారుడి గుండె’ అనేవారు. ఎక్స్‌రే, ఈసీజీ అందుబాటులోకి వచ్చాక, ఆ పెరుగుదల జబ్బా లేక శ్రమకు శరీరం అలవాటు పడటమా అన్నది పరీక్షించి చూసే వీలు కలిగింది. నిత్యవ్యాయామం వల్ల గుండె కొంత పెద్దదవడం సాధారణంగా రోగం కాదని వైద్యం క్రమంగా తేల్చింది. ఇలాంటి ప్రశ్నను రెండు వైపుల నుంచీ, ఆటగాళ్లను పరుగెత్తించిన కోచ్‌గానూ వారి గుండె చప్పుడు విన్న డాక్టరుగానూ చూడగల అర్హత విల్స్‌కు ఉంది.

1934లో ఆయన విద్యార్థి ఆరోగ్య విభాగం డైరెక్టరయ్యారు. అమెరికా కళాశాలల్లో విద్యార్థుల ఆరోగ్యానికి ప్రత్యేక ఏర్పాటు 1861లో ఆంహర్స్ట్‌లో మొదలైంది. ఎడ్వర్డ్ హిచ్‌కాక్ అక్కడ వ్యాయామాన్నీ ఆరోగ్య బోధననూ ఒకే విభాగం కింద నడిపారు. కోచ్-డాక్టరైన విల్స్‌కు ఆ సంప్రదాయం అచ్చంగా సరిపోయింది. ఆయన పదవిలో ఉన్న 24 ఏళ్లలో వైద్యమే మారిపోయింది. మొదట్లో కళాశాల డాక్టర్లను వేధించిన పెద్ద జబ్బు క్షయ. ఎక్స్‌రేలతో, చర్మ పరీక్షలతో దాన్ని ముందే పసిగట్టడం ఒక్కటే మార్గం. 1930ల చివర్లో సల్ఫా మందులు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెన్సిలిన్ వచ్చాయి. సైన్యం నుంచి తిరిగొచ్చినవారి చదువుకు ప్రభుత్వం డబ్బు కట్టడంతో ఒహాయో స్టేట్ విద్యార్థుల సంఖ్య 20 వేలు దాటింది. వారిలో గాయాలతో వచ్చినవారు, పెళ్లయి పిల్లలున్నవారు కూడా ఉన్నారు. 1955లో పోలియో టీకా వచ్చింది. 1957లో ఆసియా ఫ్లూ మళ్లీ ప్రాంగణాలను చుట్టుముట్టింది. స్టేడియంలో 80 వేల మంది చూసే పని కాదు ఇది. పత్రికల్లో రాదు, పాయింట్లు ఉండవు. ఆయన చేసిన రెండు ఉద్యోగాల్లో ఎక్కువమందికి మేలు చేసినది ఇదే.

గౌరవాలు, స్థానం

కోచ్‌లైన డాక్టర్లు ఆయన కాలంలోనూ, ఆ తర్వాతా మరికొందరు ఉన్నారు. క్లారెన్స్ స్పియర్స్ 1920లలో మినెసొటాకు, ఆ తర్వాత మరికొన్ని విశ్వవిద్యాలయాలకు శిక్షణ ఇచ్చారు. ఎడ్డీ ఆండర్సన్ అయోవాలో, హోలీ క్రాస్‌లో కోచ్‌గా ఉంటూ వైద్యమూ చేశారు. 1964లో విరమించేనాటికి ఆయన గెలిచిన ఆటలు 200 దాటాయి. ఆ తర్వాత అలాంటి జోడు వృత్తికి కళాశాల ఫుట్‌బాల్‌లో చోటు దాదాపు లేకుండాపోయింది.

1954లో విల్స్‌ను కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 1959లో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌ల సంఘం తన ఆమోస్ అలోంజో స్టాగ్ పురస్కారాన్ని ఆయనకు ఇచ్చింది. కొలంబస్ పక్కనున్న వెస్టర్‌విల్‌లో 1963 మే 17న, 75 ఏళ్ల వయసులో మరణించారు. ఒహాయో స్టేట్‌లో విద్యార్థులు వైద్యం కోసం వెళ్లే కేంద్రానికి విల్స్ స్టూడెంట్ హెల్త్ సెంటర్ అని పేరు పెట్టారు.  ఒహాయో స్టేట్ ఫుట్‌బాల్ కోచ్‌గా ఆయన కన్నా ఎక్కువ సీజన్లు పనిచేసినవారు ఒక్కరే: 1951 నుంచి 1978 దాకా 28 సీజన్లు జట్టును నడిపిన వుడీ హేస్.